‘అందరూ’లో మేమున్నామా?

ఆహ్వానపత్రం అడుగున అచ్చయ్యే రెండు మాటలతోనే నా పేచీ. ‘అందరూ ఆహ్వానితులే.’ విశ్వవిద్యాలయాలు స్మారకోపన్యాసం పెట్టినా, జానపద ప్రదర్శన పెట్టినా, ప్రజల కోసం ప్రత్యేక తరగతులు పెట్టినా ఈ మాటలు వేస్తాయి. పక్కనే ‘ప్రవేశం ఉచితం’ అని కూడా వేస్తాయి. ఎంత ఉదారమైన మాటలు! ఈ ‘అందరూ’ ఎవరు? అందులో మేమున్నామా?

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద కళల మీద ఉపన్యాసం ఉందంటే నేనూ మా మేనమామా వెళ్లాం. మామకు సైకిల్ షాపు ఉండేది. గడ్డం, నెత్తిన టోపీ. మా ముందు నలుగురు కబుర్లు చెప్పుకుంటూ గేటు దాటి వెళ్లారు. వాళ్లనెవరూ ఆపలేదు. మామను ఆపారు.

‘ఎవరు కావాలి?’

‘లోపల మీటింగుంది గదా బాబూ, వినడానికొచ్చాం.’

‘ఏం మీటింగు? కార్డేది?’

నా సంచిలోంచి ఆహ్వానపత్రం తీసి చూపించాను. గేటు దగ్గరున్నతను దాన్ని తిప్పి చూశాడు. ఆ తర్వాత సంచిని కూడా తిప్పి చూశాడు. తప్పంతా అతనిదేనని నేననను. ఎవర్ని ఆపాలో ఎవర్ని వదలాలో అతనికెవరూ కాగితం మీద రాసివ్వలేదు. రోజూ పేపర్లు, సినిమాలు, టీవీలు నేర్పిందే అతను చేశాడు.

లోపల గంటన్నర ఉపన్యాసం సాగింది. అందులో పీర్లపండుగకు రెండు నిమిషాలు దక్కాయి. ‘హిందూ ముస్లిం సామరస్యానికి చిహ్నం’ అన్నారు, అయిపోయింది. బుర్రకథ గురించి చెబుతూ షేక్ నాజర్ పేరు ఎత్తారు, దాటేశారు. ప్రశ్నలడగమన్నప్పుడు నేను లేచాను. నాజర్ ఏ కులంలో పుట్టాడో, ఆ పుట్టుకకూ ఆయన కథ చెప్పిన తీరుకూ ఏమన్నా సంబంధం ఉందో మీరెందుకు చెప్పలేదని అడిగాను. దానికి వచ్చిన జవాబు: ‘మీరు తెలుగు చాలా చక్కగా మాట్లాడుతున్నారండీ!’ సభ చప్పట్లు కొట్టింది.

మాది గుంటూరు జిల్లా దూదేకుల కుటుంబం. మా ఇంట్లో తెలుగు తప్ప మరో భాష లేదు. మా అమ్మ జోలపాడింది తెలుగులో, తిట్టింది తెలుగులో. నా తల్లిభాష నేను మాట్లాడితే నాకు మెచ్చుకోలా? ఆ ఉపన్యాసకుణ్ణి ఎప్పుడైనా ఎవరైనా ‘మీరు తెలుగు చక్కగా మాట్లాడుతున్నారే’ అని మెచ్చుకున్నారా?

తిరిగొచ్చేటప్పుడు మామ ఒకే మాటన్నాడు: ‘ఇది మనం వినే మీటింగు కాదురా. మన గురించి వాళ్లు చెప్పుకునే మీటింగు.’

నాజర్ సంగతే చూద్దాం. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక పేద దూదేకుల ఇంట్లో పుట్టాడు. బుర్రకథను పల్లెపల్లెకూ మోసుకుపోయి, ప్రజానాట్యమండలి వేదికల మీద దాన్ని పోరాట కళగా మార్చాడు. ‘పల్నాటి యుద్ధం’ చెప్పాడు, ‘అల్లూరి సీతారామరాజు’ చెప్పాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశాడు. ఆయన చెప్పగా వెలువడిన జీవితకథ పేరు ‘పింజారి’. తెలుగువాళ్లు కోపమొస్తే నోటికొచ్చినట్టు తిట్టే మాట అది. ఆ తిట్టునే ఆయన పుస్తకం పేరు చేసి ముఖాన కొట్టాడు. విశ్వవిద్యాలయాల వేదికలకు బుర్రకథ కావాలి. ‘పింజారి’ మాత్రం ఎందుకు గొంతులో అడ్డం పడుతుంది?

ఒంగోలు దగ్గరి కరవది నుంచి శ్రీరంగం వెళ్లి స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సంగతీ అంతే. త్యాగరాజ కీర్తనలు ఆయన ఊదుతుంటే దేశం విన్నది. 1977లో పద్మశ్రీ ఇచ్చారు. ముస్లిమై ఉండీ ఎంత భక్తో అని ఆశ్చర్యపోతారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా గుడిముందు నాదస్వరం ఊదిన సాయిబుల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అది వాళ్ల వృత్తి, వాళ్ల విద్య, వాళ్ల కూడు. ఆ కుటుంబాలు ఏం తిన్నాయి, ఏం చదివాయి, గుడి బయట నిలబడి ఊదినప్పుడు ఏమనుకున్నాయి? ఇవి ఉపన్యాసానికి పనికిరాని విషయాలా? సామరస్యం అనే ఒక్క మాటతో మా బతుకంతా మూటగట్టి అటకెక్కించేస్తున్నారు.

తెలుగు సభకు వెళ్తే మేం ఉర్దూవాళ్లం. ఉర్దూ జల్సాకు వెళ్తే నమాజు తప్ప మరేమీ రాని తెలుగోళ్లం. 1985లో హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టింది. 1998లో అదే నగరంలో మౌలానా ఆజాద్ పేరిట జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పుట్టింది. రెండూ అవసరమైనవే. కాని తెలుగులో బతుకుతూ, తెలుగులో ఏడుస్తూ, అరబ్బీలో దువా చేసే లక్షలమంది గురించి ఏ భాష వేదిక మాట్లాడాలి? మా పలుకుబడిని ‘సాయిబుల తెలుగు’ అని హాస్యానికి వాడుకోవడమేనా, ఎవరైనా చెవిపెట్టి వినేదుందా?

ఇక్కడో అభ్యంతరం రావచ్చు, వచ్చింది కూడా. ‘మీ నవాబు మీకు విశ్వవిద్యాలయమే కట్టించి ఇచ్చాడు గదా’ అని. అవును, 1918లో ఉస్మానియా ఏర్పడింది. ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, ఉన్నత విద్య చెప్పింది. అంతకు ముందు ఏడాదే అనువాద సంస్థ దారుల్ తర్జుమా పెట్టి శాస్త్రగ్రంథాలన్నీ ఉర్దూలోకి తెచ్చుకున్నారు. అది గొప్ప పని. అదే సమయంలో రాజ్యంలో అత్యధికులు మాట్లాడే తెలుగుకు ఆ తరగతి గదుల్లో బోధనాభాషగా చోటు లేకపోవడం అన్యాయం. ఈ రెండో మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. తెలుగువాళ్లు 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించుకున్నది తమ భాషకు ఒక చోటు కావాలనే.

కాని ఆ నవాబుకూ మా తాతకూ ఏం సంబంధం? మా తాత ఇంగ్లీషువాడి ఏలుబడిలో గుంటూరు జిల్లాలో దూదేకాడు. నైజాములో బతికిన పింజారికీ, నేతగాడికీ, గాజులమ్మే ముసలమ్మకూ కూడా ఆ భవనంలో కుర్చీ వెయ్యలేదు. నవాబు పుణ్యంలో మాకు వాటా రాలేదు. పాపంలో మాత్రం ఇప్పటికీ వాటా పంచుతున్నారు.

విశ్వవిద్యాలయం తలుపు తెరవడం దయాధర్మం కాదు. బోధన, పరిశోధనలతోపాటు జనం దగ్గరికి వెళ్లడం కూడా విశ్వవిద్యాలయాల బాధ్యతేనని యూజీసీ 1977లోనే ఒప్పుకుంది. మామ కొన్న ప్రతి ట్యూబు మీదా, ప్రతి టైరు మీదా పన్ను కట్టాడు. ఆ డబ్బుతోనే ఆ హాల్లో లైట్లు వెలుగుతున్నాయి. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే పాతికమందిలో ఒక్కరు, పీజీ చదివే యాభైమందిలో ఒక్కరు ముస్లిం అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. విద్యార్థిగా లోపలికి వెళ్లలేని మాకు, శ్రోతగా వెళ్లే దారి ఈ బహిరంగ సభే. ఆ దారిలోనూ సంచి వెతికితే ఇంక ఎటు పోవాలి?

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మీరు మమ్మల్ని పిలవడం లేదని నేననను. పిలుస్తున్నారు. అల్లర్లు జరిగినప్పుడు ఖండించడానికి పిలుస్తారు. రంజానుకు ముషాయిరాలో కూర్చోబెట్టడానికి పిలుస్తారు. భాషాశాస్త్రం మీదో, నీటిపారుదల మీదో, కావ్యం మీదో మాట్లాడ్డానికి మాత్రం మా పేర్లు మీకు గుర్తురావు. ముస్లిం వక్త ముస్లిం గురించే మాట్లాడాలా? పిఠాపురంలో ఉమర్ ఆలీషా తెలుగు పద్యం రాసినప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు.

మా ఇంట్లో ఉన్న గేటు గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఆ సాయంత్రం మామతో వెళ్లింది నేను. మా చెల్లెలు నాకంటే బాగా చదివేది, ఆమెను ఎవరూ రమ్మనలేదు. ‘రాత్రి మీటింగులకు ఆడపిల్లలేంటి’ అన్నది మామే. నేను నోరు మూసుకున్నాను. పాటా నాటకమూ హరామని పిల్లల్ని ఆపే పెద్దలు మాలో ఉన్నారు. ఉర్దూ రాని వాణ్ణి ముస్లింగా లెక్కపెట్టని షరీఫులూ ఉన్నారు. బయటి గేటును ప్రశ్నించే హక్కు ఇంటి గేటు తీస్తేనే నిలబడుతుంది.

మరి ఏం చెయ్యాలి? కార్యక్రమాలన్నీ కేంపస్ ఏసీ హాళ్లలోనే ఎందుకు? బస్తీలో, మండల కేంద్రంలో, గ్రంథాలయంలో, మదరసా ఆవరణలో పెట్టండి. ఆడవాళ్లు రాగలిగే పగటి వేళ పెట్టండి. నాదస్వరం ఊదేవాణ్ణి ఊదించి శాలువా కప్పి పంపకండి. కూర్చోబెట్టి, ఆయన విద్య గురించి ఆయన్నే చెప్పనివ్వండి, ప్రొఫెసరుకిచ్చే పారితోషికమే ఇవ్వండి. దూదేకుల, లద్దాఫ్, ఫకీరు, గారడీ సాయిబుల మాటలూ పాటలూ తెలుగు శాఖల్లోనే పాఠాలు కావాలి. ప్రశ్న అడిగినప్పుడు మా ఉచ్చారణకు మార్కులెయ్యకండి, ప్రశ్నకు జవాబు చెప్పండి.

ఇవేవీ చెయ్యలేమంటారా? అయితే ఆహ్వానపత్రం అడుగున ఆ రెండు మాటలు కొట్టేయండి. ‘మావాళ్లందరూ ఆహ్వానితులే’ అని అచ్చువెయ్యండి. కనీసం నిజం చెప్పినట్టవుతుంది.