వివాహమునకు ముందటి నియమము



గుణదల కొండపై 1924లో అర్లాటి గురువు మరియమాత ప్రతిమను నెలకొల్పిరి. ఏటేట ఫిబ్రవరిలో జరుగు ఆ తిరునాళ్లకు లక్షలాది జనులు వత్తురు. బిడ్డకు మంచి సంబంధము కుదురవలెనని వేడుకొను తల్లులును వారిలో నుందురు. సంబంధము కుదిరినది మొదలు చీరలకును, నగలకును, పందిళ్లకును పరుగులిడుదుము. వధూవరుల మనస్సు నాయత్తపఱచుట యెవరి పని?

1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు కుటుంబమునుగూర్చి వ్రాసిన లేఖలో ఈ సన్నాహము మూడు దశలుగా జెప్పబడినది. మొదటిది బాల్యమున నింటిలోనే యారంభమగును. రెండవది యౌవనమున పొందు బోధ. మూడవది పెండ్లికి ముందటి మాసములలోను, వారములలోను జరుగునది. తండ్రి తల్లితో మాటలాడు తీరును జూచియే కుమారుడు భార్యను గౌరవింప నేర్చును. కావున తొలి పాఠశాల మన గృహమే.

ప్రధానమైనవారు సయితము వివాహము వఱకు బ్రహ్మచర్యము పాటింపవలెనని 1992 నాటి సత్యోపదేశ గ్రంథము విధించుచున్నది. పరస్పర గౌరవమును, విశ్వాసపాత్రతను అభ్యసించుటకే యా కాలము. దేహమును సమర్పించుట జీవితమంతయు సమర్పించుటకు గుఱుతు. మాట యీయకమున్నే గుఱు తిచ్చుట తగదని శ్రీసభ భావము. పార్వతీదేవి తపస్సు నెఱిగిన మనకు, వివాహమునకు ముందు నియమ మనునది క్రొత్త గాదు.

అయితే యీ నియమము కన్యకు మాత్రమే కాదు, వరునకును సమానమే. కూతును గడప దాటనీయని మనము, కొడుకు రాత్రి యెచట నుండెనో యడుగము. ఇది లోకాచారమే కాని ధర్మము గాదు. తప్పిపోయినవారికి పాపసంకీర్తనపు వాకిలి తెఱచియే యుండగా, ఆడుబిడ్డకు మాత్రము ఇంటి తలుపు మూయుట యేమి న్యాయము?

మఱియొక మాట. వధూవరుల సమ్మతియే వివాహమునకు ప్రాణము. దానిని వారికి మాఱుగా మానవశక్తి యేదియు నీయజాలదని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రము పలుకుచున్నది. బెదరింపులచే గలిగిన ఘోరభయమున జెప్పిన సమ్మతి చెల్లదు. 1961లోనే చట్టము నిషేధించిన కట్నమునకై బేరమాడుచు, బిడ్డ యభిప్రాయము నడుగకుండుట సన్నాహ మెట్లగును?

తోబితు గ్రంథమున తోబియా, సారా తొలిరేయి కలిసి ప్రార్థించిరి. పెండ్లికి ముందు పాపసంకీర్తనము చేసి, దివ్యసత్ప్రసాదము స్వీకరించుట యట్టి యారంభమే. కావున తల్లులారా, చీరల యంగడికి బోవుటకు ముందొకనాడు బిడ్డను చెంత గూర్చుండబెట్టుకొని, "అమ్మా, ఇది నీ కిష్టమేనా?" యని యడుగుడు. కొడుకు నడుగవలసినదియు నంతే. వారి యుత్తరమును వినుటకు ఓపిక గలిగియుండుడు.