ఎమ్మెస్ వచ్చిన ఇంట్లో మగవాడి పని

మే 30 ప్రపంచ ఎమ్మెస్ దినం. మనకు అది సరిగ్గా రోహిణి కార్తెలో పడుతుంది. మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎమ్మెస్) ఉన్నవాళ్లకు తెలుగునేల మీద ఏడాది మొత్తంలో అంతకంటే గడ్డురోజులు ఉండవు. రోళ్లు పగిలే ఎండలో మామూలు మనిషి చెమట తుడుచుకుని తన పని తాను చూసుకుంటాడు. ఎమ్మెస్ ఉన్న మనిషికి చూపు మసకబారుతుంది, కాలు బరువెక్కి ఈడ్చుకుపోతుంది, ఒక్కోసారి మాట కూడా ముద్దగా వస్తుంది. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దాన్ని పరాయిదనుకుని దెబ్బతీయడమే ఈ జబ్బు. పొర పోయినచోట నరం సంకేతాన్ని ఎలాగోలా నెట్టుకొస్తూ ఉంటుంది. ఒంట్లో వేడి కొద్దిగా పెరిగినా అది ఆగిపోతుంది, ఒళ్లు చల్లబడగానే మళ్లీ పనిచేస్తుంది. ఊథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే దీన్ని గమనించాడు. ఎమ్మారై యంత్రాలు రాకముందు రోగిని వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి, లక్షణాలు పెరుగుతున్నాయా అని చూసేవారు. జబ్బును పట్టుకోవడానికి అదొక పరీక్ష.

మన ఇళ్లలో కాళ్లు తిమ్మిరెక్కితే మొట్టమొదటి వైద్యం ఏమిటి? వేడినీళ్లే కదా. మా ఆవిడకు పాదాలు మొద్దుబారిన కొత్తలో చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లంతా వేడినీళ్ల కాపడం పెట్టమన్నవాళ్లే, ఆవిరి పట్టమన్నవాళ్లే. ప్రేమకొద్దీ చెప్పారు. వేడినీళ్లు పోసుకున్న పూట ఆవిడ గోడ పట్టుకుని బయటికి వచ్చేది. ఎదురుగా ఉన్న క్యాలెండర్లో తిథి కనపడడం లేదనేది. ఫ్యాన్ కింద కాసేపు కూర్చుంటే కనపడేది. ఎందుకలా అవుతోందో డాక్టరు చెప్పాక మా ఇంట్లో వేసవి దినచర్యే మారిపోయింది. స్నానం చన్నీళ్లతో, వంట పొద్దెక్కకముందే. బయటికి వెళ్లాల్సివస్తే మెడ చుట్టూ తడి తువ్వాలు. ఎమ్మెస్ ఉన్న ఇంటికి కూలరో ఏసీయో విలాసం కాదు. మందుల చీటీలో రాయాల్సిన వస్తువు.

ఈ జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే పెళ్లయి, చంకలో బిడ్డ, చేతిలో ఉద్యోగం, ఇంట్లో అత్తమామలు ఉండే వయసు. అలాంటప్పుడు చాలా ఇళ్లలో రోగిని చూసుకోవాల్సినవాడు భర్తే. మొగుడు మంచాన పడితే పెళ్లాం చూసుకోవాలని మన దగ్గర ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. భార్యకు జబ్బు చేస్తే మాత్రం ముందు ఆమె తల్లికి ఫోన్ వెళుతుంది. ‘కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి రానివ్వండి’ అంటారు. జ్వరానికీ కాన్పుకూ ఆ పద్ధతి సరిపోయింది. ముప్పై నలభై ఏళ్లు వెంట ఉండే జబ్బుకు ఎలా సరిపోతుంది? ఆ తల్లికి డెబ్బై దాటాక ఎవరికి ఫోన్ చేస్తారు? ఈ పని భర్తే నేర్చుకోవాలి. ఆసుపత్రిలో బిల్లు కట్టడంతో అది తీరదు.

ముందు తిండి సంగతి. ఎమ్మెస్ అని తెలియగానే ఇది మాను, అది తిను అనేవాళ్లు బయల్దేరతారు. రాయ్ స్వాంక్ అనే న్యూరాలజిస్టు 1940ల చివర్లో మొదలుపెట్టి కొన్ని దశాబ్దాలపాటు ఎమ్మెస్ రోగులకు కొవ్వు బాగా తగ్గించిన ఆహారం పెట్టి చూశాడు. మంచి ఫలితాలు వచ్చాయన్నాడు. కానీ ఆ తిండి తినని రోగులతో పోల్చి చూసే ఏర్పాటు ఆయన అధ్యయనంలో లేదు. తనకే ఎమ్మెస్ ఉన్న అమెరికన్ డాక్టరు టెర్రీ వాల్స్ పద్ధతి వేరు: ఆకుకూరలూ కూరగాయలూ దండిగా తిని, మాంసం ఉంచి, ధాన్యాలు మానేయమంటారు. ఇద్దరి మాట విని నడిచేవాళ్లూ ఉన్నారు. మందుల అవసరం లేకుండా జబ్బును నిలువరించే ఆహారం ఏదీ ఇంతవరకూ రుజువు కాలేదు. అలా హామీ ఇచ్చి డబ్బు అడిగే వాళ్లను గడప తొక్కనివ్వకండి.

తిండి నిజంగా పనికొచ్చేది ఇంకోచోట. ఎమ్మెస్‌లో మూత్రాశయాన్నీ పేగులనూ అదుపుచేసే నరాలు కూడా దెబ్బతినవచ్చు. బాత్రూమ్‌కు పరుగెత్తాల్సి వస్తుందన్న భయంతో బయటికి వెళ్లే రోజు పొద్దుటి నుంచీ మంచినీళ్లు ముట్టని ఆడవాళ్లున్నారు. మన బస్టాండ్లలో మరుగుదొడ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లెవరూ వాళ్లను తప్పుబట్టలేరు. నీళ్లు తగ్గితే మలబద్ధకం ముదురుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చేరుతుంది. దాంతో వచ్చిన జ్వరం పాత లక్షణాలన్నీ పైకి తెస్తుంది. అందుకే జొన్నరొట్టె, తోటకూర పప్పు, బీరకాయ కూర, జామకాయ, పల్చటి మజ్జిగ అంటాను. ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. విటమిన్ డి రక్తపరీక్ష చేయించి, తక్కువగా ఉంటే డాక్టరు చెప్పిన మోతాదే వాడాలి. రోగనిరోధక శక్తి పెంచే కషాయాల జోలికి పోకూడదు. ఈ జబ్బులో దాడి చేస్తున్నదే ఆ శక్తి. పైగా అలాంటి కషాయాల్లో వేసే తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో వివరంగా ప్రకటించారు. ఇక సిగరెట్టు ఎమ్మెస్‌ను ముదరబెడుతుంది. ఇంట్లో కాల్చే భర్త ఉంటే ఏ పథ్యం కంటే ముందు అతను అది మానాలి.

భార్య పళ్లెంలోకి తొంగిచూస్తూ ‘అది నీకు మంచిది కాదు’ అనడం సాయం కాదు. ఆవిడకు రొట్టె, మిగతావాళ్లకు పూరీ అయితే ఆ పథ్యం వారం కూడా నిలవదు. ఇంటిల్లిపాదికీ ఒకటే వంట ఉండాలి. అందులో రోజుకు ఒక పూట వంట భర్తది కావాలి.

వ్యాయామం విషయంలో వైద్యుల అభిప్రాయమే తలకిందులైంది. ఒళ్లు అలిస్తే, వేడెక్కితే జబ్బు పెరుగుతుందని ఎమ్మెస్ రోగులను ఒకప్పుడు విశ్రాంతిగా ఉండమనేవారు. 1996లో అమెరికాలోని యూటాలో జరిగిన అధ్యయనంలో పదిహేను వారాలు వ్యాయామం చేసిన రోగుల సత్తువ పెరిగింది. మనసూ తేలికపడింది. జబ్బేమీ తిరగబడలేదు. ఇప్పుడు చేతనైనంత వ్యాయామం చేయమనే అందరూ చెబుతున్నారు. చల్లటి వేళలో నడక, బిగుసుకుపోయే పిక్కలకూ తొడలకూ సాగదీసే కసరత్తులు, వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం. ఫిజియోథెరపిస్టు ఒకసారి చూసి ఎవరికి ఏది తగునో చెబితే మిగతాది ఇంట్లోనే చేసుకోవచ్చు.

దీనికి మన ఇళ్లలో అడ్డం వచ్చేది ప్రేమే. ‘నువ్వు కూర్చో, నేను చేస్తా’ అన్న మాట వినడానికి ఎంతో బాగుంటుంది. రోజూ వింటే ఉన్న కండ కూడా కరిగిపోతుంది. ఒకరోజు బట్టల బకెట్టు నేనందుకోబోతే మా ఆవిడ, “ఏవండీ, ఆరేసేది నేనే. మీరు ఆ స్టూలు తెచ్చి పక్కన వేయండి చాలు” అంది. నాలుగు బట్టలు ఆరేసి కూర్చుంది, లేచి మరో నాలుగు ఆరేసింది. ఈ జబ్బున్న మనిషికి ఎలా సాయం చేయాలని ఎవరైనా అడిగితే నేను ఆ స్టూలు సంగతే చెబుతున్నాను.

అలసట కూడా ఇందులో వేరుగా ఉంటుంది. రాత్రంతా బాగా నిద్రపోయి లేచినా మధ్యాహ్నానికి చెయ్యెత్తే ఓపిక ఉండదు. పైకేమో కనపడదు. ‘చూడ్డానికి నిక్షేపంలా ఉందిగా’ అని బంధువులు అన్నప్పుడు ఆవిడ జవాబు చెప్పుకునే పరిస్థితి రాకూడదు. ఆ జవాబు చెప్పాల్సినవాడు భర్త. పెళ్లికి వెళ్లాల్సిన రోజు ముందే పడుకుని లేచి వెళ్లాలి. తాళి కట్టడం చూసి వచ్చేయాలి, అప్పగింతల దాకా ఉండక్కర్లేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా జబ్బు తిరగబడే రోజు రావచ్చు. దాన్నే రిలాప్స్ అంటారు. కొత్త లక్షణమో, పాతదే బాగా ముదరడమో 24 గంటలకు మించి ఉండాలి, దానికి జ్వరమూ ఇన్‌ఫెక్షనూ కారణం కాకూడదు. అందుకే ముందు థర్మామీటరు పెట్టాలి, మూత్రపరీక్ష చేయించాలి, న్యూరాలజిస్టుకు ఫోన్ చేయాలి. రిలాప్సే అయి, తీవ్రంగా ఉంటే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు ఒక గ్రాము చొప్పున సాధారణంగా 3 నుంచి 5 రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. అది ఎక్కుతున్నంతసేపూ నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుందని మా ఆవిడ యాలకులు చప్పరిస్తుంది. రాత్రి నిద్రపట్టదు. రెండింటికి లేచి బీరువాలో చీరలు సర్దుతుంది. మర్నాడు చిన్నమాటకే కళ్లనీళ్లు, లేదంటే కోపం. అదంతా మందు చేసే పని. ఆ వారం మాటకు మాట అనకుండా ఉండడం భర్తగా నా వంతు. ఊరగాయ, అప్పడం పక్కన పెట్టాలి, షుగరు చూస్తూ ఉండాలి. స్టెరాయిడ్ కోలుకునే వేగాన్ని పెంచుతుంది, అంతే. చివరికి ఎంత కోలుకుంటారన్నది దాని చేతిలో లేదు. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు.

నాకు కడుపు మండేది ఇక్కడే. రిలాప్స్ రాగానే ఇంట్లో విచారణ మొదలవుతుంది. ఏం తిన్నావు, ఎవరితో గొడవపడ్డావు, ఎవరి దిష్టి తగిలింది, ఏ మొక్కు తీర్చలేదు? అసలే చూపు మసకబారి, కాలు స్వాధీనం తప్పి భయపడుతున్న మనిషి చేత తప్పు ఒప్పించాలని చూడడం క్రూరత్వం. పెరుగన్నం తిన్నందుకు రిలాప్స్ రాదు. ఆ మాట గట్టిగా, అందరి ముందూ, అవసరమైతే కన్నతల్లితో కూడా భర్తే చెప్పాలి. పిల్లల విషయమూ అంతే. ఎమ్మెస్ ఉంటే గర్భం వద్దనే పాతమాట ఇంకా వినిపిస్తోంది. గర్భం చివరి మూడు నెలల్లో రిలాప్సులు బాగా తగ్గుతాయనీ, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరుగుతాయనీ 1998లోనే తేలింది. మందులు ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మొదలుపెట్టాలో ముందుగా న్యూరాలజిస్టుతో మాట్లాడుకుంటే తల్లి కావచ్చు.

రిలాప్సులు తగ్గించే మొదటి మందు ఇంటర్‌ఫెరాన్ బీటాకు అమెరికాలో అనుమతి వచ్చింది 1993లో. ఇప్పుడు ఇరవైకి పైగా మందులున్నాయి. మన దేశంలో ఖర్చు తట్టుకోలేక చాలామంది రిటుక్సిమాబ్ అనే మందు మీదో, జనరిక్ మాత్రల మీదో నడుస్తున్నారు. ఒంట్లో బాగున్నప్పుడు ‘ఇక ఎందుకులే’ అని మానేయడమే పెద్ద ప్రమాదం. ఫింగోలిమాడ్ లాంటి మాత్ర ఉన్నట్టుండి ఆపితే జబ్బు తీవ్రంగా తిరగబడవచ్చు. మందు అయిపోవడానికి వారం ముందే కొత్త డబ్బా ఇంట్లో ఉండేలా చూసుకోవడం కూడా భర్త పనే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఎమ్మెస్ ఒకటి. కానీ ప్రయోజనాలు ఎక్కువగా వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం వస్తేనే అందుతాయి. పొద్దున పదింటికి నడిచిన మనిషి సాయంత్రం నాలుగింటికి నడవలేని జబ్బు ఇది. ఒక్కపూట చూసి శాతం వేయడం అన్యాయం. ఏడాది పొడవునా ఉన్న వైద్య రికార్డును లెక్కలోకి తీసుకోవాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి పనిచేస్తోంది. హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది, వాళ్లను కలవండి. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి భార్యను వాళ్లమ్మతో పంపకుండా మీరే సెలవు పెట్టి వెళ్లండి. ఆవిడ చెబుతున్నప్పుడు మధ్యలో అందుకోకండి. ఆవిడ చెప్పడం అయ్యాక, మీరు గమనించినవి కాగితం మీద రాసుకెళ్లి చూపించండి.