చలికి మొరాయించే డీజిల్ బండి

పిల్లలూ! పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున పాకాల వీధిలో ఉన్నామనుకోండి. మంచు ఇంకా విడవలేదు. కూరగాయల గంపలు ఎక్కించుకుని ఒక పాత డీజిల్ జీపు తిరుపతికి బయలుదేరాలి. ఆలస్యమైతే మార్కెట్టులో ధర పడిపోతుంది. డ్రైవరు తాళంచెవి తిప్పాడు. "గుర్ర్... గుర్ర్..." అని మూలిగి జీపు ఊరుకున్నది.

చుట్టూ చేరినవాళ్లు తలా ఒక మాట అన్నారు. "బ్యాటరీ పోయింది, కొత్తది కొను!" అని ఒకరు. "ఇంజను పని అయిపోయింది, అమ్మెయ్యి!" అని ఇంకొకరు. డబ్బు ఖర్చు పెట్టే ముందు, అసలు బండి ఏం చెబుతున్నదో వినాలి గదా! అది ఎలాగో చూద్దాం.

ముందు ఒక చిన్న పని చేయండి. సైకిలుకు గట్టిగా గాలి కొట్టి, పంపు అడుగుభాగం ముట్టుకోండి. వెచ్చగా ఉంటుంది. గాలిని అణిస్తే అది వేడెక్కుతుందన్నమాట. ఈ సంగతిని ఆధారం చేసుకునే రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు జర్మనీలో తన ఇంజను తయారుచేశాడు. 1897లో అది చక్కగా పనిచేసింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ రకం ఇంజను ఒకటి వేరుసెనగ నూనెతో కూడా నడిచింది. మన సీమవాళ్లు చెనిక్కాయలంటారే, వాటి నూనె!

పాకాల జంక్షనులో ఒకప్పుడు ఆవిరి ఇంజన్లు తిరిగేవి. వాటికి బొగ్గు నిప్పు ఉండేది. పెట్రోలు ఇంజనుకు విద్యుత్తు నిప్పురవ్వ ఉంటుంది. డీజిల్ ఇంజనుకు ఈ రెండూ లేవు. సిలిండరులోని గాలిని పిస్టన్ ఇంచుమించు ఇరవయ్యో వంతుకు అణుస్తుంది. ఆ గాలి 500 డిగ్రీలకు పైగా కాగుతుంది. అందులో డీజిల్ తుంపరలు పడగానే భగ్గుమంటాయి.

చలిలో ఏమవుతుంది? చల్లని సిలిండరు గోడలు ఆ వేడిని పీల్చేస్తాయి. ఇంజను ఆయిలు చిక్కబడుతుంది. బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. కొత్త బండి వీటిని ఓర్చుకుంటుంది, అరిగిన బండి ఓర్చుకోలేదు. పాకాల చలికి డీజిల్ గడ్డకట్టదు లెండి. అది లడాఖ్ వంటి చోట్ల వచ్చే చిక్కు.

ఇక బండిని రెండు ప్రశ్నలు అడగాలి.

మొదటిది: సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను చురుగ్గా తిరుగుతున్నదా, మూలుగుతున్నదా? మూలిగితే తప్పు బ్యాటరీలోనో, తీగలలోనో, సెల్ఫ్ మోటారులోనో ఉండవచ్చు. మంచి 12 వోల్టుల బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు మీటరులో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది తొమ్మిదిన్నరకు దిగువకు పడిపోతే బ్యాటరీ నీరసించిందన్నమాట. అంతగా పడకపోయినా ఇంజను మూలుగుతుంటే, కరెంటు దారిలో ఎక్కడో ఆగుతున్నది.

రెండవది: చురుగ్గా తిరిగీ అంటుకోకపోతే, పొగగొట్టం ఏమంటున్నది? తెల్లని పొగ వస్తే డీజిల్ అందుతున్నది కాని, వేడి చాలడం లేదు. చాలా జీపులలో సిలిండరును ముందుగా వేడిచేసే హీటరు ప్లగ్గులు ఉంటాయి. నాలుగింటిలో రెండు పాడైతే ఇంజను గజగజ వణుకుతూ అంటుకుంటుంది. ప్లగ్గులన్నీ బాగున్నా ఇదే తంతు అయితే, పిస్టన్ రింగులు అరిగి గాలి సరిగా అణగడం లేదేమో మెకానిక్కు కొలిచి చూడాలి.

పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. గొట్టంలో సన్నని సందు ఉంటే రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోయి, దాని చోట గాలి చేరుతుంది. ఫిల్టరు దగ్గరి చేతిపంపును పదిసార్లు నొక్కగానే బండి అంటుకుంటే దొంగ దొరికినట్టే!

మరి మన జీపు సంగతి? అది మూలిగింది. మీటరు పెడితే బ్యాటరీ బాగానే ఉన్నది. బ్యాటరీ నుంచి బండి చట్రానికి వెళ్లే ఎర్త్ తీగ కొస మాత్రం తుప్పు పట్టి, సెల్ఫ్ కొట్టాక వేడెక్కింది. డ్రైవరు ఆ తీగ విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించాడు. జీపు ఒక్క ఊపున అంటుకున్నది! కొత్త బ్యాటరీ కొని ఉంటే డబ్బూ పోయేది, జబ్బూ మిగిలేది.

ఒక్క హెచ్చరిక. ఈ పరీక్షలు పెద్దలే చేయాలి. చలి కదా అని ఇంజను కింద మంట పెట్టరాదు, బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. మీ పని చెవులతో వినడం, దూరం నుంచి పొగ రంగు చూడడం, చూసినది నాన్నకు చెప్పడం. మంచి మెకానిక్కు కూడా మొట్టమొదట చేసే పని అదే!