మసి పూసిన పేర్లు: సమాచార హక్కు చట్టంలో దాపరికపు క్రియలు

దాచడమనే ఒక్క పనికి ఆంగ్లంలో క్రియాపదాలు అనేకం. హైడ్, కన్సీల్, మాస్క్, విత్‌హోల్డ్, సప్రెస్, రిడాక్ట్, అబ్‌ఫస్కేట్. నిఘంటువులో ఇవన్నీ దగ్గరి బంధువులే. ప్రభుత్వ కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కటి ఒక్కో ఫలితాన్నిస్తుంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన ఒక చట్టసవరణ మూలంగా, ఈ తేడాలను తెలుసుకోవలసిన అవసరం సామాన్య గ్రామీణ కుటుంబానికి కూడా ఏర్పడింది.

ముందు మాటల సంగతి చూద్దాం. విత్‌హోల్డ్ అంటే కాగితం ఉన్నదని ఒప్పుకుంటూనే ఇవ్వకుండా అట్టిపెట్టుకోవడం. సప్రెస్ అంటే తొక్కిపెట్టడం. అసలు కాగితమున్నదనే సంగతే బయటికి పొక్కదు. మాస్క్ అంటే కొంత భాగానికి ముసుగు వేయడం. ముసుగు వేసిన ఆధార్ ప్రతిలో 12 అంకెలకుగాను చివరి 4 మాత్రమే కనిపించడం ఇందుకు చక్కని ఉదాహరణ. రిడాక్ట్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి క్రమపరచడమనే అర్థముండేది. నేడు పత్రంలో కొన్ని పంక్తులపై నల్లసిరా పూసి తక్కినది ఇవ్వడాన్ని ఆ మాటతో వ్యవహరిస్తున్నారు. అబ్‌ఫస్కేట్ అంటే చీకటి చేయడం. ఇక్కడ కాగితమంతా చేతికి వస్తుంది, అర్థం మాత్రం చిక్కదు. మన పెద్దలు మసిపూసి మారేడుకాయ చేయడమన్నది దీనినే.

ఇక చట్టం విషయం. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధన వ్యక్తిగత సమాచారానికి రక్షణ కల్పించింది. అయితే ఆ రక్షణకు హద్దులుండేవి. అడిగిన సమాచారానికి ప్రజా కార్యకలాపాలతోగాని, ప్రజా ప్రయోజనంతోగాని సంబంధం లేకపోవాలి, లేదా అది బయటపెడితే వ్యక్తి ఏకాంతానికి అకారణంగా భంగం కలగాలి. అప్పుడే నిరాకరించవచ్చు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉన్నదని అధికారి భావిస్తే అదీ ఇవ్వవచ్చు. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరింపరాని సమాచారాన్ని పౌరునికీ నిరాకరించరాదన్న మాట కూడా అక్కడే ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ ఈ హద్దులన్నిటినీ తొలగించింది. వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే చాలు, మినహాయింపు వర్తిస్తుందన్న ఒక్క ముక్క మాత్రమే మిగిలింది.

దీనివల్ల పల్లెకు వచ్చే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. సమాచార హక్కు ఉద్యమం పుట్టిందే పల్లెలో, పేర్ల జాబితాల దగ్గర. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు జనసున్వాయీల పేరిట గ్రామసభలు పెట్టి, కూలీల మస్టరు రోలులోని పేర్లను అందరి ముందు చదివించారు. పనికి రాని వారి పేర కూలీ చెల్లించినట్లు రాసిన లెక్కలు ఆ చదువుతోనే బయటపడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఉపాధి పనులపై జరిగిన సామాజిక తనిఖీలకు ఆధారం కూడా అదే పద్ధతి. పేరు వినిపిస్తేనే కదా, ఆ మనిషి పనికి వచ్చాడో లేదో ఊరు చెప్పగలిగేది! పేరుపై మసి పూసి మొత్తం మాత్రమే చూపితే ఆ లెక్క సరైనదని నమ్మడం తప్ప గ్రామస్థులు చేయగలిగింది లేదు.

రెండో పక్షం వాదనలోనూ బలముంది. ఏకాంతం ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఒక రోగి వైద్య వివరాలు, ఒక వితంతువు బ్యాంకు ఖాతా సంఖ్య ఊరందరికీ తెలియవలసిన పని లేదు. కనుక ప్రతి దాపరికమూ దోషం కాదు. పౌరుని గుట్టు కాపాడే ముసుగు వేరు, ప్రజాధనం ఎవరికి చేరిందో తెలియనీయని ముసుగు వేరు. పాత నిబంధన ఈ రెంటినీ వేరుచేయమని అధికారిని ఆదేశించేది. కొత్తది ఆ భారం నుండి ఆయనను తప్పించింది.

అలాగని తలుపులన్నీ మూసుకుపోలేదు. అదే చట్టంలోని 8(2) సెక్షన్ యథాతథంగా ఉంది. రక్షించవలసిన ప్రయోజనానికి కలిగే హాని కంటే ప్రజా ప్రయోజనమే అధికమైతే సమాచారం ఇవ్వవచ్చునని అది చెబుతున్నది. ఇవ్వవలెను అనకుండా ఇవ్వవచ్చును అనడం దాని బలహీనత. సబ్సిడీ పథకాల కేటాయింపులను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలన్న 4వ సెక్షన్‌నూ ఆ సవరణ తాకలేదు.

ఆంగ్ల కార్యాలయ భాషలో మరొక మెలిక ఉంది. సమాచారం నిలుపుదల చేయబడినది అని రాస్తారు. ఎవరు చేశారో ఆ వాక్యం చెప్పదు. క్రియ ఉంటుంది, కర్త ఉండడు. 10వ సెక్షన్ ఆ కర్తను బయటికి రప్పిస్తుంది. కొంత భాగం తొలగించి తక్కినది ఇచ్చేటప్పుడు, తొలగించిన సంగతి, అందుకు కారణం, నిర్ణయం తీసుకున్న వారి పేరు, హోదా దరఖాస్తుదారుకు లిఖితపూర్వకంగా తెలపాలని అది నిర్దేశిస్తున్నది.

సరిహద్దుకు ఆవల నివసించే మనకు భాష అదనపు ముసుగు. పావగడలో, హోసూరులో, పర్లాకిమిడిలో, సిరొంచలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నా, సమాచార దరఖాస్తు ఆంగ్లంలోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలని 6వ సెక్షన్ అంటున్నది. తెలుగుకు అధికార హోదా ఉన్న యానాం పరిస్థితి వేరు. రాయలేనివారు నోటితో చెబితే దానిని కాగితంపై పెట్టడానికి తోడ్పడవలసిన బాధ్యత మాత్రం అంతటా పౌర సమాచార అధికారిదే. కష్టనష్టాలు చెప్పుకునే వినతిపత్రానికి ఈ పరిమితి లేదు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా దానిని ఇచ్చే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రసాదించింది.

కావున దరఖాస్తు పెట్టేవారు కొన్ని జాగ్రత్తలు పాటించడం మేలు. కారణం చెప్పనవసరం లేదని చట్టం అంటున్నా, 8(2)ను పేర్కొని ప్రజా ప్రయోజనమేమిటో రెండు వాక్యాల్లో రాయాలి. పేర్లతోపాటు పనివారీగా ఖర్చు, లబ్ధిదారుల సంఖ్య, చెల్లింపు తేదీలు కూడా అడగాలి. పేర్లు నిరాకరించినా అవి వ్యక్తిగతమనడానికి వీలుండదు. జవాబుకు గడువు 30 రోజులు. నిరాకరిస్తే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా న్యాయం దొరకకుంటే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు, వచ్చిన జవాబులోని క్రియను గుర్తించాలి. కాగితం లేదన్నారా, ఉన్నా ఇవ్వమన్నారా, సగం కప్పి ఇచ్చారా, అంతా ఇచ్చి అర్థం కాకుండా చేశారా? ఒక్కో దానికి అడగవలసిన ప్రశ్న వేరు. ఆ తేడా తెలిసిన కుటుంబం ఊళ్లో ఒక్కటున్నా, నల్లసిరా వెనుక ఉన్నదేమిటని అడిగే గొంతు ఆ ఊరికి ఉన్నట్లే.