అపోఫిస్ వచ్చే వేళకు మనం సిద్ధమేనా?

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2028లో ఏడు గ్రహశకలాల యాత్రకు నౌకను పంపబోతోంది. అంగారకుడికి, గురుడికి నడుమ తిరిగే ఆరింటిని పక్కనుంచి చూసి, 2034లో ఏడోదైన జస్టీషియాపై పరికరాన్ని దించాలన్నది ప్రణాళిక.

అది దూరప్రయాణం. మనం దృష్టి పెట్టాల్సింది భూమికి చేరువగా తిరిగే శకలాల మీద.

వాటిలో మనుషులు వెళ్లి రాగలిగినవేవో నాసా లెక్కకట్టి జాబితా తయారుచేస్తోంది. రానూపోనూ ప్రయాణం 450 రోజులు మించకూడదు, అక్కడ కనీసం 8 రోజులు ఉండాలి, నౌక మార్చుకోవాల్సిన వేగం మొత్తం సెకనుకు 12 కిలోమీటర్లు దాటకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ తక్కువ ఇంధనంతో చేరగలిగే శకలాల కక్ష్య ఇంచుమించు భూమి కక్ష్యలాగే ఉంటుంది. మైదానంలో దాదాపు ఒకే జోరుతో పరుగెత్తే ఇద్దరిలో ఒకరు మరొకరిని దాటడానికి ఎన్నో చుట్లు పడతాయి. ఇక్కడా అంతే. 2000 ఎస్‌జీ344 అనే శకలం దాదాపు 353 రోజుల్లో సూర్యుణ్ణి చుట్టేస్తుంది. మళ్లీ భూమి దగ్గరకు రావడానికి సుమారు 28 ఏళ్లు కావాలి. యాత్ర పొట్టిదే, అవకాశం మాత్రం తరానికొకసారి.

అలాంటి అరుదైన అవకాశమే 2029 ఏప్రిల్ 13. ఆ రోజు 300 మీటర్లకు పైబడిన అపోఫిస్ అనే శకలం భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో దూసుకుపోతుంది. ఢీకొనే ప్రమాదం లేదు. భూమి ఆకర్షణకు అది ఎలా కంపిస్తుందో, ఎలా వంగుతుందో చూడటానికి యూరప్ 2028లో రామ్సెస్ నౌకను పంపనుంది. అపోఫిస్‌ను కలవగలగాలని ఇస్రో అధ్యక్షుడిగా ఉండగా సోమనాథ్ 2024లో అన్నారు.

ఇన్ని సమస్యలున్న దేశానికి ఈ రాళ్ల గొడవెందుకని అడగొచ్చు. 2013లో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలిన ఉల్క సుమారు 20 మీటర్లే. అద్దాలు పగిలి దాదాపు 1,500 మంది గాయపడ్డారు. శకలాన్ని దారి మళ్లించవచ్చని 2022లో నాసా డార్ట్ నౌక రుజువు చేసింది. అయితే గుల్లగా ఉన్న రాయికీ, గట్టి రాయికీ ఒకే దెబ్బ ఒకేలా పనిచేయదు. లోపలేముందో ముందే తెలియాలి.

తొందరపడి పనిచేయడం మనకు కొత్త కాదు. అంగారకుడికి ఇస్రో పంపిన మంగళయాన్‌కు 2012 ఆగస్టులో అనుమతి వచ్చింది, 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి ఎగిరింది. గ్రహాల అమరిక తప్పిపోకూడదనే ఆ తొందర. అపోఫిస్ విషయంలోనూ కేంద్రం అదే చురుకు చూపాలి: చిన్న నౌకకు నిధులు కేటాయించాలి, దాంతోపాటే తర్వాతి శకలాల జాబితాను, ప్రయోగ తేదీలను ప్రకటించాలి.