సైన్యం ఏ పక్షం?

1965లో అలబామాలో ఓటు హక్కు కోసం నడిచిన నల్లజాతీయులకు రక్షణ కల్పించేందుకు గవర్నర్ నిరాకరించడంతో, అధ్యక్షుడు జాన్సన్ నేషనల్ గార్డ్‌ను దించారు. 60 ఏళ్ల తర్వాత, 2025 జూన్‌లో ట్రంప్ కాలిఫోర్నియా గవర్నర్ వద్దన్నా లాస్ ఏంజెలెస్‌కు సుమారు 4 వేల మంది గార్డ్ సిబ్బందిని, 700 మంది మెరైన్లను పంపారు. ఈసారి కారణం వలసదారుల అరెస్టులపై నిరసనలు. సైన్యంతో పోలీసు పని చేయించరాదన్న 1878 నాటి చట్టాన్ని ఉల్లంఘించారని సెప్టెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి తేల్చారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. అప్పటికే వాషింగ్టన్ వీధుల్లోనూ గార్డ్ దిగింది. రెండూ డెమొక్రాట్ల కంచుకోటలే.

రెండుగా చీలిన అమెరికాలో ఉభయ పక్షాలూ నమ్మే వ్యవస్థలు కొన్నే. వాటిలో సైన్యం ఒకటి. ప్రత్యర్థుల నగరాలకే దాన్ని పంపుతూ పోతే, సగం దేశం దాన్ని పాలకపక్షపు బలగంగా చూస్తుంది. బలగాలను కోర్టులు వెనక్కి పంపగలవు; పోయిన నమ్మకాన్ని మాత్రం తిరిగి తేలేవు.