పదకొండు రూపాయల కోసమేనా?

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరెత్తితే చాలు, నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళ నోట ఒక మాట వస్తుంది: "ఆయనది స్వాతంత్ర్య పోరాటమేందబ్బా, పింఛను తగువు కదా!" 2019లో 'సైరా' సినిమా వచ్చినాక ఈ మాట ఇంకా గట్టిపడింది. సినిమా పెంచి చెప్పింది కాబట్టి తుంచి చెప్పడమే చరిత్ర అన్నట్టు మాట్లాడుతున్నారు. ఈ అభిప్రాయం తప్పు. సీమ పల్లెలకు అన్యాయం కూడా.

పింఛను గొడవ ఉన్నమాట నిజమే. నొస్సం జయరామిరెడ్డి కొడుకుల్లేకుండా పోయినాక ఆ ఇంటికి వచ్చే భత్యాన్ని ఈస్టిండియా కంపెనీ ఆపేసింది. కూతురి బిడ్డ నరసింహారెడ్డికి తండ్రి వైపు నుంచి తన వాటాగా వచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాతల పాళెం పోయి, ఈ చిల్లర కోసం తాసిల్దారు కచేరీ ముందు నిలబడాల్సి వచ్చిన మనిషికి కోపం రాకుండా ఉంటుందా? వచ్చింది. అయితే ఆయన పింఛను ఆగితే, ఆయన వెంట నడిచినవాళ్ళకు పోయిందేమిటి? ఈ ప్రశ్న వేయకుండానే తీర్పు చెప్పేస్తున్నారు.

1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన ఒంటరిగా లేడు. తిరుగుబాటు అణిగినాక కంపెనీ కేసులు పెట్టింది తొమ్మిది వందల మందికి పైగా జనం మీద. నూరుమందికి పైగా ఏళ్ళ తరబడి జైలు శిక్ష పడింది. ఎవరు వీళ్ళు? చాలామంది కట్టుబడులు. ఊరికి కావలి కాసి, జీతానికి బదులు ఈనాం మాన్యం సాగు చేసుకుని బతికినవాళ్ళు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసినాక ఊరి కావలి సర్కారు పనయింది. కట్టుబడి చనిపోతే అతని మాన్యం కొడుక్కి దక్కకుండా సర్కారు ఖాతాలో కలిసే రోజులొచ్చాయి. తండ్రి దున్నిన చేను కళ్ళముందే పరాయిదైనవాడు ఒక పాళెగాడి నెల భత్యం కోసం ప్రాణాలకు తెగిస్తాడా? తన చేను కోసం తెగించాడు. రెడ్డి కోపమూ వీళ్ళ కోపమూ ఒకే కచేరీ గడప దగ్గర కలిశాయి.

"పాళెగాళ్ళు మాత్రం రైతును పీడించలేదా?" అని అడుగుతారు. పీడించినవాళ్ళు ఉన్నారు, దాచాల్సిన పనిలేదు. కానీ వాళ్ళను తీసేసి వచ్చిన పాలన రైతు బరువు దించిందా? కంపెనీ కలెక్టరు మన్రో మీద అభిమానంతో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ మనది. ఆ మన్రోనే 1807లో కలెక్టరు పని వదిలి పోతూ, దత్తమండలాల శిస్తును నాలుగో వంతు తగ్గించమని రాసిపోయినాడు. వసూలు చేసిన దొరకే అది ఎక్కువని తెలుసు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చినాక, 1820లో గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. నడుమ పదమూడేళ్ళు రైతు ఆ శిస్తు కడుతూనే ఉన్నాడు.

పాకాలవాణ్ణి కాబట్టి ఇంకొకటి చెప్పాలి. చిత్తూరు పాళెంపట్టుల్లో మా పాకాల కూడా ఒకటి. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ చేతికి పోయింది. మూడేళ్ళు తిరక్కుండానే ఈ కొండల్లో పాళెగాళ్ళు ఎదురు తిరిగారు, 1804–05లో సైన్యం దిగి అణచివేసింది. నరసింహారెడ్డికి నలభై ఏళ్ళ ముందటి మాట ఇది. ఇక్కడ పదకొండు రూపాయల తగువు లేదు. మరి ఇక్కడెందుకు తిరగబడ్డారు? తరతరాల కావలి హక్కు, పాళెం మీద అధికారం పరాయి కచేరీకి పోతున్నాయి కాబట్టి. కోయిలకుంట్లను పాకాలతో కలిపి చూస్తే పింఛను వాదం నిలవదు.

1846 అక్టోబరు 6న పేరుసోమల కొండ దగ్గర నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం ముందే ఉరి తీశారు. తలను అక్కడి కోట మీద వేలాడదీసి, 1877 దాకా దించలేదు. భత్యం కోసం తగువు పడినవాడి తలను ముప్పై ఏళ్ళు ఎవరికి చూపించాలి? చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా మిగిలిన కట్టుబడులకూ వాళ్ళ బిడ్డలకూ. ఆ కోపం ఒక్క మనిషితో పోయేది కాదని కంపెనీకి బాగా తెలుసు. మన మేధావులు దాన్ని ఒక్క మనిషికీ ఒక్క రసీదుకూ కుదిస్తున్నారు. సినిమా చేసిన పనీ అదే, ఒక్క వీరుణ్ణి చూపించి తక్కినవాళ్ళను గుంపు చేసింది.

1846 నాటి మనిషికి దేశమనే ఊహ లేదు కాబట్టి అది స్వాతంత్ర్య పోరాటం కాదనే వాదం నాకు నచ్చదు. తన చేను ఎవరు లాక్కున్నారో తెలియడానికి దేశపటం అక్కరలేదు.

ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఆయన పేరు పెట్టారు, సంతోషం. ఇక కేసు కాగితాల్లో ఉన్న ఆ తొమ్మిది వందల మంది పేర్లు, ఊర్లు, పోయిన మాన్యాల లెక్కలు తెలుగులో అచ్చు వేయాలి. సీమ బడిపిల్లల పాఠంలో నరసింహారెడ్డి పక్కన వాళ్ళనూ చేర్చాలి.